ఆధారాన్ని మించని మాట

చాలా నెలల తర్వాత మసేనమ్మ గొంతు వినిపించేసరికి ప్రయోగశాలలో ఎవరి పని వాళ్లు వదిలేసి లేచి నిలబడ్డారు.

"రోహిణీ, భోజనం చేశావా తల్లీ?"

గొంతు వచ్చింది బల్ల మీద ఉన్న చిన్న పెట్టెలోంచి. కానీ గొంతు మాత్రం ఆవిడదే. కాస్త బొంగురు, చివర్లో పైకి లేచే సాగతీత, అంతా అచ్చం ఆవిడదే. రోహిణి చక్రాల కుర్చీ ముందు కూలబడి, తల్లి ఒళ్లో మొహం పెట్టుకుని ఏడ్చేసింది. ప్రయోగశాల పెద్ద కామేశం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. కుర్రకారు చప్పట్లు కొట్టారు.

ఆ సందడిలో మసేనమ్మ మొహం ఎవరూ చూడలేదు. ఆవిడ భృకుటి ముడిపడి ఉంది.

విశాఖపట్నం చేపల రేవులో పాట పాడే ఆడవాళ్లు చాలామందే ఉన్నారు. పాట అంటే వేలం పాట. బోట్లు జెట్టీకి చేరాక సరుకు పోగులు పోసి, కొనేవాళ్లను చుట్టూ నిలబెట్టి, ధర పెంచుకుంటూ పోయే పని. వాళ్లలో అరజిల్లి మసేనమ్మది పెద్ద పేరు. గొంతు పెద్దది కావడం వల్ల కాదు ఆ పేరు. నిన్నటి చేపను ఇవాళ్టిదని ఆవిడ ఎన్నడూ పాడలేదు. మెత్తబడిన పోగు ముందు నిలబడితే "ఇది మెత్తబడింది, సూసుకుని పాడండి" అని ముందే చెప్పేది. అందుకే ఎక్కడెక్కడి నుంచో వచ్చిన వ్యాపారులు మొప్పలు ఎత్తి చూడకుండానే ఆవిడ మాట మీద కొనేవారు. భర్త పోయాక ఆ గొంతుతోనే కూతుర్ని చదివించింది.

కూతురంటే ఆవిడకు గర్వం. రోహిణికి డాక్టరేటు వచ్చిన రోజున జెట్టీ మీద అందరికీ మిఠాయి పంచి, "నా గుంట లెక్కల్లో డాక్టరయింది. సూదిమందు ఎయ్యదు గానీ, ఆ ఏసేవోళ్లకి కూడా లెక్కలు సెప్తాది," అంది.

రోహిణి చదివింది మసక తర్కం. ఒక మాట నిజమా, అబద్ధమా అని కాకుండా, ఎంత వరకు నిజం అని అడిగే గణితం అది. సున్నాకీ ఒకటికీ మధ్య ఎక్కడైనా నిజం నిలబడవచ్చు. ఆ చదువుతోనే ఆమె సముద్రం ఎదురుగా కొండ మీదున్న ఈ ప్రయోగశాలలో చేరింది. మాట పడిపోయిన వాళ్ల కోసం కామేశం గారు 'గళం' అనే యంత్రాన్ని తయారుచేస్తున్నారు. మెడకు ఒక మెత్తని పట్టీ కడతారు. మాట్లాడాలని అనుకున్నప్పుడు గొంతు కండరాల్లో, నరాల్లో పుట్టే సన్నని కదలికల్ని పట్టీ పట్టుకుంటుంది. ఎదుట ఎవరున్నారో చూసి, వాళ్లేమన్నారో విని, ఆ కదలిక ఏ మాటకు ఎంతగా సరిపోతుందో లెక్కకట్టి పెట్టె పలుకుతుంది.

ఆమె అక్కడ చేరిన కొద్ది కాలానికే, ఒక ఉదయం పాట మధ్యలో మసేనమ్మ జెట్టీ మీద పడిపోయింది. కుడివైపు చచ్చుబడింది. మాట పోయింది. తెలివి మాత్రం చెక్కుచెదరలేదు. అక్షరాలు నేర్చుకోలేదు కాబట్టి పలక ఇచ్చినా లాభం లేకపోయింది. ఫోనుల్లో దాచుకున్న పాత వేలం పాటల నుంచి ఆవిడ గొంతును పోగుచేసి పెట్టెలో పోసి, అయినవాళ్ల పేర్లు, ముఖాలు దానికి నేర్పింది రోహిణే. తల్లి మళ్లీ మాట్లాడిన రోజున, తాను చదివిన ప్రతి పుటా ఈ ఒక్క రోజు కోసమే అనుకుంది.

*

పెద జాలారిపేటలోని ఇంటికి యంత్రం వచ్చింది. వాడంతా చూడటానికి వచ్చింది. వచ్చిన ప్రతివాళ్లనీ పెట్టె పలకరించింది. "బాగున్నారా? పిల్లలు బాగున్నారా? నా కోసం ఇంత దూరం వచ్చారు, చాలా సంతోషం." ముసలమ్మలు కళ్లొత్తుకున్నారు. తల్లి ఇంత మెత్తగా, పుస్తకంలోలా ఎప్పుడు మాట్లాడిందని రోహిణికి ఒకసారి అనుమానం వచ్చింది. ఎన్నో ఇళ్లలో మాట్లాడుకునే మాటల్ని పోగుచేసి యంత్రానికి నేర్పారు కాబట్టి యాస ఆవిడది రాలేదులే, ముందు ముందు సర్దవచ్చు అని సరిపెట్టుకుంది.

ఒకనాటి మధ్యాహ్నం దానమ్మ వచ్చింది. మసేనమ్మ తమ్ముడి భార్య. చాలా ఏళ్లుగా జెట్టీ మీద ఆవిడ పక్కనే పోగులు సర్దుతూ పని నేర్చుకున్న మనిషి. వచ్చి నేల మీద చతికిలబడి, కాసేపు కొంగు మెలిపెట్టి, చివరికి విషయానికి వచ్చింది.

"వదినా, నీకాడ దాపరికమేటి? జెట్టీ మీద నీ సోటు ఊరికే పడుంది. అవతలోళ్లు కన్నేసినారు. నువ్వు ఊఁ అంటే నాను పాడతాను. నువ్వొద్దంటే ఆ పక్కకే ఎల్లను."

పెట్టె వెంటనే పలికింది. "తీసుకో దానమ్మా. నాకిక ఓపిక లేదు. నువ్వు సంతోషంగా ఉంటే నాకంతే చాలు."

దానమ్మ భోరుమని ఏడ్చి వదిన కాళ్లకు మొక్కింది. తల ఎత్తి చూసి హడలిపోయింది. మసేనమ్మ మొహం కందిపోయి ఉంది. ఎడమ చెయ్యి కుర్చీ చేతిని దబదబా కొడుతోంది. నోట్లోంచి ఆకారం లేని అరుపు వస్తోంది.

"ఏటయిందే గుంటా మీయమ్మకి?"

"ఏం లేదత్తా. ఈ జబ్బులో ఇలా అవుతుందని డాక్టర్లు ముందే చెప్పారు. కారణం లేకుండానే ఏడుపొస్తుంది, కోపం వస్తుంది. లోపలి మాట మాత్రం నువ్వు విన్నదే."

"నేను బాగానే ఉన్నాను, కంగారు పడకండి," అంది పెట్టె.

ఆ రోజు నుంచి మసేనమ్మ కూతురి వైపు చూడటం మానేసింది. ముద్ద పెడితే తినేది, మొహం మాత్రం గోడవైపు తిప్పుకునేది. "నీ చేతి వంట అమృతంలా ఉంది తల్లీ," అనేది పెట్టె. పెదాలు బిగబట్టి, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే గోడకేసి చూసేది మసేనమ్మ. రోహిణి ఆ రెండింట్లో తియ్యగా ఉన్నదాన్ని నమ్మింది.

ఒక పొద్దున పట్టీ కట్టబోతుంటే మసేనమ్మ ఎడమ చేత్తో దాన్ని అందుకుని, లాగి, వీధి గుమ్మం దాకా విసిరికొట్టింది. అంత బలం ఆ చేతిలో ఇంకా ఉందని రోహిణికి అప్పటిదాకా తెలియదు.

*

పట్టీ ఏమైనా దెబ్బతిన్నదేమో చూద్దామని ఆమె దాన్ని ప్రయోగశాలకు తీసుకెళ్లింది. బాగుందో లేదో తెలుసుకునే సులువైన దారి ఒకటుంది. తన మెడకే కట్టుకుని, తెలిసిన మాట ఏదో ఒకటి మనసులో అనుకుని, పెట్టె ఏమంటుందో చూడటం. పట్టీ కట్టుకుంది. పెట్టె మీట నొక్కింది. ఏ మాట అనుకుందామా అని ఇంకా ఆలోచిస్తూనే ఉంది.

"వచ్చావా తల్లీ," అంది పెట్టె, అమ్మ గొంతుతో. "నిన్ను చూస్తే నాకు చాలా సంతోషంగా ఉంది."

రోహిణి కదల్లేదు. పెదవి కదపలేదు. గుటక కూడా మింగకుండా అలాగే కూర్చుంది.

"నా గురించి బెంగ పెట్టుకోకు. నువ్వు సంతోషంగా ఉంటే నాకంతే చాలు."

ఆమె పట్టీని విప్పి బల్ల మీద పెట్టి, దానికి దూరంగా జరిగి గోడకు ఆనుకుంది. కిటికీలోంచి రేవు కనిపిస్తోంది. మాట వచ్చిన మొదటి రోజు గుర్తొచ్చింది. భోజనం చేశావా తల్లీ అని అడిగిందెవరు? దానమ్మత్తకు చోటు ఇచ్చేసిందెవరు? అమ్మ కుర్చీని బాదుతుంటే, అమ్మ ముందరే, లోపలి మాట ఇదేనని అత్తకు సర్ది చెప్పింది తను. ఒకళ్ల నోరు నొక్కేసి పైగా వాళ్ల తరఫున ధన్యవాదాలు చెప్పినట్టయింది.

ఏడవడానికి అప్పుడు తీరిక లేదు. కూర్చుని, యంత్రం లోపలి లెక్కల్ని ఒక్కొక్కటే విప్పింది. సాయంత్రం లోపే తప్పు దొరికింది.

గొంతు ఇలా కదిలితే ఆ మాట అనేది ఒక నియమం. 'ఇది అయితే అది' అనే ఈ సంబంధాన్ని తర్కంలో అనుషంగికం అంటారు. ఆ నియమాన్ని ఎంతవరకు నమ్మాలో ఒక పరికర్మ, అంటే ఒక లెక్కించే పద్ధతి, కొలుస్తుంది. కొలిచిన నమ్మకాన్ని అప్పుడు వచ్చిన సంకేతంతో కలిపి మాటను బయటికి తెచ్చేది మరో పరికర్మ. పోయే దారి ఒకటి, తిరిగి వచ్చే దారి ఒకటి అనుకోవచ్చు. యంత్రం ధారాళంగా మాట్లాడాలని మొదట కట్టినవాళ్లు ఈ రెండింటినీ వేరువేరు చోట్ల నుంచి తెచ్చి అతికించారు. రెండూ ఒకదానికొకటి పొసగవు. గొంతులో సగం సంకేతం పుట్టిందనుకుందాం. అది ఫలానా మాటే అనడానికి పదో వంతు ఆధారం కూడా లేదనుకుందాం. ఆ సగం కదలిక లోపలికి పోయి, పదో వంతు మాటను సగం నమ్మకంతో మోసుకుని బయటికి వచ్చేది. ఊపిరి తీసినా, నాడి కొట్టుకున్నా అంతే. దగ్గర్లో ఏ మాట అందుకోవడానికి సులువుగా ఉంటే ఆ మాట. నేర్పిన మాటలన్నీ ప్రేమగా పలకరించేవే కాబట్టి యంత్రానికి ప్రేమ తప్ప ఇంకేమీ రాలేదు. దానికి వచ్చిన మాటల్లో 'కాదు' అనేది వెతికినా లేదు.

మర్నాడు ఆమె కామేశం గారి గదికి వెళ్లింది. ఏమీ వివరించలేదు.

"సార్, ఒక్కసారి ఇది మెడకు పెట్టుకుంటారా? ఏమీ అనుకోకండి, ఊరికే కూర్చోండి చాలు."

ఆయన నవ్వుతూ కట్టుకున్నారు. పెట్టె కాసేపు ఆగి, మసేనమ్మ గొంతుతో, "నువ్వు చాలా మంచివాడివి నాయనా," అంది.

నవ్వు ఆగిపోయింది. ఆయన పట్టీ విప్పబోతే ముడి చేతికి చిక్కలేదు. రోహిణే విప్పింది. 

"మొదటి యంత్రం మా నాన్నకే పెట్టానమ్మా," అన్నారు ఆయన. "పోయే ముందు. జీవితంలో ఎన్నడూ నన్ను మెచ్చుకున్న మనిషి కాదు. ఆ రోజు, 'నువ్వు మంచి కొడుకువిరా' అన్నారు. ఫోనులో దాచుకున్నాను. అది కూడా..."

"తెలియదు సార్. ఇప్పుడు తెలుసుకునే దారి లేదు."

"అబద్ధమే అనుకో. ఆ మాట పట్టుకునే నేను తేరుకున్నాను. ఎంతమంది ఇళ్లల్లో అలాంటి మాట ఒక్కటి కోసం కాచుకుని ఉన్నారో నీకు తెలుసా? వాళ్లకు అది దొరికితే ఎవరికమ్మా నష్టం?"

"మా అమ్మకు, సార్. ఆవిడ బతికే ఉంది. ఎదురుగా కూర్చుని, కాదని అరుస్తోంది. నేను మీ పెట్టెను నమ్మి ఆవిడను నమ్మలేదు."

"నిధులిచ్చే కమిటీ వస్తోంది. మొదటి రోజు మీ అమ్మ మాట్లాడినప్పుడు తీసిన వీడియో చూసి మెచ్చుకుని వస్తున్నారు వాళ్లు."

"వచ్చేలోగా ఇది బాగవ్వాలి. లేదా నేను లేకుండా చూపించుకోండి."

రోహిణి యంత్రాన్ని తనతో తీసుకెళ్లింది. ఆయన అడ్డుచెప్పలేదు.

*

చెయ్యవలసిందేమిటో ఆమెకు తెలుసు. కలిపే పరికర్మకు అసలైన జోడీ ఒక్కటే ఉంటుంది. ఆ రెండింటినీ కలిపి అనుబంధ జంట అంటారు. ఆ జంటలో నియమానికి ఇచ్చే నమ్మకం ఎంత పెద్దదైనా కావచ్చు, ఒకటే షరతు. దాన్ని సంకేతంతో కలిపి తిరిగి తెచ్చినప్పుడు, వచ్చిన మాట ఆధారాన్ని వెంట్రుకవాసి కూడా మించకూడదు. ఆ హద్దు దాకా రావచ్చు, దాటకూడదు. పాత పరికర్మను తీసేసి ఆ జోడీని పెట్టింది. పాత వేలం పాటల్లోంచి అమ్మ సొంత మాటల్ని, 'కాదు'తో సహా, యంత్రానికి కొత్తగా నేర్పింది.

తన మెడకు కట్టుకుని కూర్చుంది. పెట్టె పలకలేదు. కాసేపు ఆగి చూసింది. పలకలేదు. అంత హాయైన నిశ్శబ్దాన్ని ఆమె ఎన్నడూ వినలేదు.

అయితే ఇంటి దగ్గర తల్లి ముందు కూర్చోవడం అంత హాయిగా లేదు. పట్టీని చూడగానే మసేనమ్మ చెయ్యి పైకి లేచింది.

"అమ్మా, కొట్టు, కానీ ముందు విను. ఇన్నాళ్లూ మాట్లాడింది నువ్వు కాదు. నాకు తెలిసిపోయింది. నీ మొహం చూస్తూ కూడా పెట్టెనే నమ్మాను. ఇప్పుడు దాన్ని సరిచేశాను. ఇది ఇక నువ్వు అననిది అనదు. నువ్వు అన్నది కూడా పలుకుతుందో లేదో చెప్పలేను. ఒట్టిది, మూగది అయిపోయింది. నీకిష్టమైతేనే కడతాను."

మసేనమ్మ ఆమెను కిందికీ పైకీ చూసింది. ఎడమ చేత్తో చెంప మీద ఒక్కటిచ్చింది. గట్టి దెబ్బే. తర్వాత గడ్డం ఎత్తి, మెడ ముందుకు చాచింది.

పెట్టె పలకలేదు. మసేనమ్మ ఎంత ప్రయత్నించినా దాని లెక్కకు ఆధారం చాలలేదు. జబ్బు ఆవిడ గొంతులో మిగిల్చింది చాలా కొంచెం. రోజులు గడిచాయి. ఆవిడ కళ్లు పైకి తేలేసేదాకా యాతన పడటం, పెట్టె బండరాయిలా ఉండిపోవడం. పాత యంత్రంలో ఆవిడ ఏమీ చెయ్యకపోయినా మాటలు రాలేవి. ఇప్పుడు ప్రాణం పెట్టినా రావడం లేదు. ఇదేనా నేను అమ్మకిచ్చింది అని రోహిణి కుమిలిపోయింది.

ఒక సాయంత్రం తల్లి మొహం తుడుస్తుండగా ఆమెకు తట్టింది. జోడీ కుదిరింది కాబట్టి లెక్కను వెనక నుంచి కూడా అడగవచ్చు. ఇంత సంకేతానికి ఎంత మాట అని మాత్రమే ఎందుకడగాలి? ఈ మాట నిండుగా బయటికి రావాలంటే ఇంకా ఎంత సంకేతం కావాలి అని అడిగితే? పాత యంత్రాన్ని ఆ ప్రశ్న అడిగి లాభం లేదు, దానికి ఎప్పుడూ అన్నీ ఉన్నట్టే. ఈ యంత్రానికి లోటెంతో ఖచ్చితంగా తెలుసు. తెలిసినప్పుడు ఆ మాట అమ్మకు చెప్పవచ్చు కదా!

చిన్న దిండులాంటిది ఒకటి కుట్టి, లోపల వణికే బిళ్ల పెట్టి, తల్లి ఎడమ అరచేతిలో ఉంచింది. "మాట దగ్గరికొచ్చే కొద్దీ వణుకు తగ్గుతుందమ్మా. ఆగిపోయిందంటే అందిందన్నమాట. వణుకుతున్నంతసేపూ ఇంకా కావాలని అర్థం."

మసేనమ్మ కళ్లల్లో వెలుగొచ్చింది. ఎదుటివాడు ఇంకా ఎంత దూరం వస్తాడో కనిపెట్టి నెమ్మదిగా పైకి లాగడం ఆవిడ జీవితమంతా చేసిన పని. ఇప్పుడు ఆ ఎదుటివాడు ఆవిడ గొంతే. పళ్లు బిగించేది, మెడ నరాలు ఉబ్బేవి, నుదుటి మీద చెమట పట్టేది. వణుకు కాస్త తగ్గేది, మళ్లీ పెరిగేది. విసిగి దిండును ఒళ్లో పడేసేది. మళ్లీ తనే తీసుకునేది. రోహిణి వద్దన్నా వినేది కాదు.

ఆ నెలాఖరున, అన్నం కలుపుతుండగా, వెనక నుంచి వినిపించింది.

"కాదు."

గిన్నె వదిలేసి రోహిణి పరుగెత్తుకొచ్చింది. మసేనమ్మ రొప్పుతోంది. దిండు కదలకుండా అరచేతిలో పడుంది.

"అమ్మా! ఏది కాదు? అన్నమా?"

చాలాసేపు పట్టింది. రోహిణి ఎదురుగా కూర్చుంది. సాయం చెయ్యడానికి ఏమీ లేదు. అందులో ఏమాత్రం తనది కలిసినా అది మళ్లీ అమ్మ మాట కాకుండా పోతుంది.

"దానమ్మ," అంది పెట్టె.

ఆ రెండు మాటలే. రెండూ కలిపి పెట్టుకుంటే రోహిణికి అంతా అర్థమైంది. ఇన్నాళ్లూ గొంతులో ఇరుక్కుని ఉన్నది ప్రేమా కాదు, దీవెనా కాదు. ఇంతకీ అమ్మ తన చోటు ఎవరికీ ఇవ్వలేదు. ఆమె పకపకా నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది.

కబురు పంపితే దానమ్మ వచ్చింది. విని, మొహం మాడ్చుకుంది. కొత్తగా జెట్టీ మీద తనకూ ఒక పేరు పడుతోంది మరి.

"ఆయేళ తీసుకోమంది. ఇయ్యాల కాదంతంది. ఏ మాట నమ్మమంతావు?"

"ఆ రోజు అన్నది అమ్మ కాదత్తా."

"మరెవులే?"

"నేను నమ్మిన లెక్క. తప్పు నాది. అమ్మది గానీ నీది గానీ కాదు."

దానమ్మ వదిన కళ్లలోకి చూసింది. ఎన్నో ఏళ్లు పక్కన పనిచేసిన మనిషి. ఆ కళ్లలో ఉన్నదేమిటో ఆమెకు పెట్టె చెప్పనక్కర్లేదు. కొంగు దులుపుకుని లేచింది.

"అలగయితే నువ్వు రా వదినా. జెట్టీ మీదకొచ్చి నలుగురిలో పాడు. పాడగలిగినావంటే నాను పక్కకు జరిగి మునుపట్లా పోగులు సర్దుకుంతాను. పాడలేకపోతే మాత్రం నన్నాపకు."

మసేనమ్మ తల గట్టిగా ఊపింది. మూతి ఒకవైపుకే కదిలినా అది నవ్వేనని ఇద్దరికీ తెలిసింది.

*

కమిటీ వచ్చిన రోజున ప్రయోగశాల అద్దంలా మెరిసింది. కమిటీకి పెద్దగా వచ్చినాయన మర్యాదస్తుడు. మసేనమ్మకు నమస్కారం పెట్టి, "ఈ యంత్రం మీకు ఎలా ఉందమ్మా?" అని అడిగారు.

మసేనమ్మ కళ్లు మూసుకుంది. వచ్చినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకాయన గడియారం చూసుకున్నాడు.

"మీరు పంపిన వీడియోలో ధారాళంగా మాట్లాడిందే," అన్నారు పెద్దాయన మెల్లగా. "ఆ పాత పద్ధతి ఉంటే ఒకసారి పెట్టండి, చూద్దాం."

రోహిణి నోరు తెరవబోయింది. ఆమె కంటే ముందు కామేశం గారు లేచారు.

"పెట్టనండి. ఆ వీడియోలో మాట్లాడింది ఈవిడ కాదు, నా యంత్రం. ఎవరి మెడకు కట్టినా అదే మాట్లాడుతుంది. చాలా బాగా మాట్లాడుతుంది, నా చేత కూడా నమ్మించింది. ఈ అమ్మాయి దాన్ని సరిచేసింది. ఇప్పుడు మీరు వింటున్నది ఏమిటంటే, ఒక మనిషి నిజంగా మాట్లాడబోయే ముందు పట్టే సమయం. దయచేసి ఆగండి."

ఆగారు. ఏసీ చప్పుడు వినిపించింది. మసేనమ్మ మెడ మీద నరం ఉబ్బింది.

"కట్టం," అంది పెట్టె. కష్టమని. ఈసారి పలికింది పుస్తకాల తెలుగు కాదు, పేట తెలుగు.

మళ్లీ చాలాసేపు. చెమట చుక్క ఒకటి ఆవిడ చెంప మీదుగా జారి గడ్డం దాకా వచ్చింది. ఎవరూ గడియారం చూడలేదు.

"నాది."

పెద్దాయన మళ్లీ చేతులు జోడించారు.

ఫలితం మాత్రం అనుకున్నంత రాలేదు. ఇంత నెమ్మదిగా పలికే యంత్రాన్ని కొనేవాళ్లుండరని కమిటీలో ఎక్కువమంది అన్నారు. అడిగినదాంట్లో కొంతే మంజూరైంది. పనిచేసే కుర్రాళ్లలో సగంమంది వేరే చోట్లకు వెళ్లిపోయారు. మిగిలిన ఖాళీ గదిలో బల్లలు సర్దుతూ కామేశం గారు, "మా నాన్న మాట ఫోనులో ఇంకా ఉంచుకున్నానమ్మా," అన్నారు. "వినడం మానేశాను. తీసెయ్యడానికి మాత్రం చెయ్యి రావడం లేదు."

"ఉంచుకోండి సార్," అంది రోహిణి.

*

జెట్టీ మీదికి మసేనమ్మ తిరిగి వెళ్లిన ఉదయం మరబోట్లు నిండుగా వచ్చాయి. చక్రాల కుర్చీ తడి నేల మీద జారకుండా బోటు పని చేసే కళాసీలు ఇద్దరు చెరోవైపు పట్టుకున్నారు. ఐసు పెట్టెలు మోసేవాళ్లు బరువులు దించి నిలబడ్డారు. "మసేనమ్మ వచ్చీసింది" అన్న మాట ఈ చివర నుంచి ఆ చివరికి పాకింది.

దానమ్మ వంజరాల పోగు తెచ్చి కుర్చీ ముందు పోసింది. మాట మీద నిలబడే మనిషే, మొహం మాత్రం బింకంగా ఉంది. రోహిణి పట్టీ కట్టింది, దిండు అరచేతిలో పెట్టింది. వెనక్కి జరిగి నిలబడింది. కొండ మీది గదిలో రెండు మాటలు వేరు. ఇక్కడ కాకుల గోల, ఇంజన్ల మోత, వందమంది చూపులు.

మసేనమ్మ వంగి ఎడమ చేత్తో ఒక చేపను తట్టి చూసింది. తల ఊపింది. సరుకు మంచిదని అర్థం. ఆవిడ తల ఊపితే చాలు, కొనేవాళ్లు దగ్గరికి జరిగారు. ఒకతను ధర చెప్పాడు.

అందరూ ఎదురుచూశారు.

"సాల్దు," అంది పెట్టె.

గుంపులో నవ్వులు లేచాయి. అచ్చం పాత మసేనమ్మే! మరొకతను పెంచాడు. ఈసారి కాస్త తొందరగా వచ్చింది. "సాల్దు." ఇంకొకతను ఇంకా పైకి వెళ్లాడు. ఆవిడ మాటకు మాటకు మధ్య పట్టే ఆ వ్యవధిలో కొనేవాళ్లకు కాలు నిలవడం లేదు. ఒకరినొకరు చూసుకుంటున్నారు, మనసులో లెక్కలు వేసుకుంటున్నారు, పక్కవాడు ఎగరేసుకుపోతాడేమోనని మళ్లీ పెంచుతున్నారు. తొందర పడనిది ఆవిడ ఒక్కతే. చిట్టచివరికి, "ఇచ్చినా," అని ఆఖరున పెంచినవాడికి పోగు ఒప్పజెప్పింది. అంత మంచి ధర ఆ వారంలో ఎవరికీ పలకలేదు.

కేకలు, ఈలలు. దానమ్మ ముక్కు మీద వేలేసుకుని, "ఓలమ్మో, మూగదై కూడా మా ముక్కు కోసీసింది," అంది. ఆ మాటలో ఏడుపెంతో గర్వమెంతో ఆమెకే తెలియాలి.

కొత్తగా వచ్చిన వ్యాపారి ఒకడు మాత్రం నమ్మలేక రోహిణి దగ్గరికి వచ్చాడు. "ఏవమ్మా, లోపల ఏదో ముందే పెట్టుంచుతారు కదా? ఇప్పుడు పాట పాడింది పెట్టా, మీ అమ్మా?"

రోహిణి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఏళ్ల తరబడి చదివిన చదువంతా ఆ జవాబే. చెప్పబోయేంతలో మసేనమ్మ ఎడమ చెయ్యి లేచి, ఆగమన్నట్టు గాలిలో నిలబడింది. రోహిణి నోరు మూసుకుంది.

మసేనమ్మ చెయ్యి దించి దిండును పట్టుకుంది. వ్యాపారి వైపు సూటిగా చూసింది. మెడ నరాలు లేచాయి. జెట్టీ మీద ఒక్కొక్కరే మాటలాపేశారు. పక్క బోటు వాడు ఇంజను కూడా ఆపాడు. ఎంతసేపైనా నిలబడటానికి అక్కడ అందరూ సిద్ధంగానే ఉన్నారు.

"నానే," అంది మసేనమ్మ.

దానమ్మ తర్వాతి పోగును కుర్చీ ముందుకు జరిపింది.